చైన్ జారింది, అత్త లేచింది

మాది నంద్యాల. పెళ్లయి ఆళ్లగడ్డకు వచ్చిన కొత్తలో జరిగిందిది. మా ఇంట్లో పాత సైకిల్‌ను కాస్త గట్టిగా తొక్కితే చాలు, చైన్ టక్కుమని జారేది. మా ఆయన మాత్రం "నూనె ఏసినా గదా, ఇంగేం గాదు" అనేవారు.

ఒకరోజు పొద్దున్నే అత్తను వెనక కూర్చోబెట్టుకుని కూరగాయలకు బయల్దేరాను. సందు మలుపులో కుక్కలు వెంటపడ్డాయి. "బేగా తొక్కు పాపా!" అని అత్త అరిచింది. నేను లేచి నిలబడి బలమంతా పెట్టి తొక్కాను. చైన్ జారి, పెడల్ ఒక్కసారిగా కిందికి పోయింది. ఇద్దరం పక్కనున్న ఇసుక కుప్పలో పడ్డాం. నేను భయంతో ఇసుకలోనే ముడుచుకుపోయాను. అత్త మాత్రం చెప్పు చేతబట్టి లేచింది. "ఏందీ, మీదికే వస్తాండారా!" అని ఆమె గర్జించేసరికి కుక్కలు తోక ముడిచాయి. వీధిలో వాళ్లంతా నవ్వారు, మేమూ నవ్వాం.

ఇంటికొచ్చాక మా ఆయన పెడల్ దగ్గరి పళ్లచక్రం మీద చైన్‌ను వేలితో లాగి చూశారు. అది పళ్లను వదిలి పైకి లేచింది. "సాగిపోయింది మ్మే, మార్చాల్సిందే" అని ఒప్పుకుని, ఆ పూటే కొత్తది వేయించారు. ఇప్పుడు అప్పుడప్పుడూ నేనే అలా లాగి చూసుకుంటున్నాను.

ఆ సాయంత్రమే అత్త సైకిల్ దగ్గరికొచ్చి, "నాకూ నేర్పీ పాపా" అంది. నేర్చుకుంది కూడా!