నా వంతు ఉపవాసం

నా చిన్నప్పుడు నేను మనసారా ద్వేషించిన మనిషి ఒక్కరే, మా బడి డ్రిల్లు మాస్టారు. ఆ కోపం నేటికీ చల్లారలేదు, చల్లారాలని కూడా నాకు లేదు.

మా ఇంట్లో ఎవరికి పరీక్ష ఉన్నా ఆ రోజు వాళ్ళు ఉపవాసం ఉండాలి. సాయంత్రం ప్రార్థన అయ్యాకే మెతుకు ముట్టాలి. ఎనిమిదో తరగతిలో ఏలూరులో ఎనిమిది వందల మీటర్ల పరుగుకి వెళ్ళినప్పుడు మా అమ్మ దాన్నీ పరీక్షల్లోనే కలిపేసింది. మంచినీళ్ళు కూడా తాగకుండా పరిగెత్తాను. రెండో రౌండులో కళ్ళు బైర్లు కమ్మి బోర్లా పడ్డాను. మాస్టారు చెయ్యి అందించలేదు. నాలుగు ఊళ్ళ పిల్లల ముందు, "మీ ఇంట్లో తిండి పెట్టరా? ఒట్టి పిరికిదానివి," అన్నాడు. అన్నారు అనడానికి నాకు మనసు రాదు. దేవుడి కోసం మానేశానని చెబితే అందరూ నవ్వుతారని నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు పరిగెత్తినా ఆ మాటే చెవిలో మోగేది, కాళ్ళు బిగుసుకుపోయేవి.

మరుసటి ఏడు, మళ్ళీ పడితే ఇక జట్టులో పేరుండదని మాస్టారు ముందే చెప్పేశాడు.

పోటీ రోజు పొద్దున్నే మా నాయనమ్మ నా ముందు వేడి అన్నం, పల్చటి పెసరపప్పు పెట్టింది. చేపల పులుసు అడిగితే పరుగయ్యాకే అంది. ఉపవాసం తప్పకూడదని అమ్మ అడ్డం వచ్చింది. అత్తాకోడళ్ళకి మాటా మాటా పెరిగింది.

"ఊడ్పులకి వెళ్ళే రోజు కడుపు మాడ్చుకుని వంగుతామా? నువ్వు తినవే. నీ ఉపవాసం నేనుంటాను," అంది నాయనమ్మ.

నాతోపాటు బస్సెక్కింది కూడా. నాట్లేసేటప్పుడు గట్టు ఇంకెంత దూరముందో అని చూస్తే నడుం లేవదట, చేతిలో నారుకట్టనే చూడాలట. అలాగే మాస్టారి వంక చూడకుండా ముందు పరిగెత్తే పిల్ల మడమలే చూడమంది.

రెండో రౌండు మలుపులో, "ఇప్పుడు పడుతుంది చూడండి," అని మాస్టారి గొంతు వినపడింది. నేను మడమలే చూశాను. రెండో స్థానం వచ్చింది. అదంతా తన శిక్షణేనని అతను పక్కవాళ్ళతో చెప్పుకుంటుంటే చెంప పగలగొట్టాలనిపించింది.

నాయనమ్మ ఎండలో నీరసంగా కూర్చుని ఉంది. అరటిపండు ఒలిచి ఇస్తే, ఇంకా ప్రార్థన కాలేదుగా అని దాన్ని నాకే తినిపించింది.

నేటికీ ఎవరైనా నన్ను తీసిపారేసినట్టు మాట్లాడితే వెంటనే జవాబు చెప్పను. ఇంటికొచ్చి ముందు కడుపునిండా తింటాను. నా ఆకలి ఆవిడ తీసుకున్న ఆ రోజు నుంచి, ఖాళీ కడుపుతో ఎవరి మీదకీ పోట్లాటకి వెళ్ళలేదు.