గడప ముందు చెప్పిన ఇంగ్లీషు పేరు

మా ఆయన నన్ను ఒక ఇంగ్లీషు ముద్దుమాటతో పిలిచాడు. అది కూడా పెళ్ళినాడు, పదిమంది ముందు. నేను చెబుతుంటే రాస్తున్న మనవరాలు అప్పుడే నవ్వుతోంది. నవ్వనీ. ఇది చెప్పాలంటే ఈ వయసులోనూ నా కొంగు నోటికి వెళ్తుంది.

పంతొమ్మిది వందల అరవై ఏడో, ఎనిమిదో, ఏ సంవత్సరమో నాకు సరిగ్గా తెలీదు. ఆయన నా మేనత్త కొడుకే. కళింగపట్నం రేవు పక్క పాత బంగళాలో ఒక ముసలి దొరసాని ఉండేది. దొర పోయాక కూడా తన దేశం వెళ్ళలేదు. సముద్రంలో చేపల వేట లేని రోజుల్లో మా బావ ఆవిడకి నీళ్ళు మోసి, చేపలు కోసి ఇచ్చేవాడు. ఆ మాట అక్కడ నేర్చుకున్నాడు.

పెళ్ళయి అత్తారింటికి వెళ్ళేసరికి ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఒకరి పేరొకరు చెబితేనే లోపలికి రానిస్తారు. ఆ తర్వాత మొగుడి పేరు పెళ్ళాం నోట రాదు, మొగుడూ ‘ఒసే’ అనే పిలుస్తాడు. అందుకే ఆ ఒక్కసారి వినాలని వీధిలో ఆడవాళ్ళంతా వాకిట్లో చేరతారు.

“సెప్పరా, నీ పెళ్ళాం పేరేటి?”

“స్వీటింగు,” అన్నాడు.

“ఓలమ్మో! అదేటిరా, బిస్కత్తా?”

“కాదప్పా, ముద్దుమాట. దొర దొరసానిని అలాగే పిలిసీవోడంట. తీపి అన్న మాటలోంచి పుట్టిందంట. ముందు మనుసుల్ని పిలిసీవోరు, తరవాత ఓ తియ్యటి ఆపిలుకాయకీ అదే పేరెట్టినారంట. ఇప్పుడు ఆళ్ళ దేశంలోనే ఎవులూ అనరంట. మంచి మాట, ఊరికే పోతాది కదా! నానెట్టుకున్నాను.”

“ఆపిలుకాయంట! ఏదీ, బుగ్గ కొరికి సూపించరా మావా!” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

వాకిలంతా గొల్లుమంది. పందిట్లో మా నాన్న ఉన్నాడు, మామ ఉన్నాడు, కులపెద్దలు ఉన్నారు. మొగుడు పెళ్ళాన్ని ముద్దు చేయడం తలుపు వెనక సంగతి. నన్ను గుడ్డ విప్పి నిలబెట్టినట్టయింది. ఆపిలుపండంటే బొమ్మలో చూసిందే, దాని రుచి కూడా నాకు తెలీదు.

“ఇప్పుడు నువ్వు సెప్పే గుంటా,” అంది ఆడపడుచు.

నేను తల ఎత్తలేదు. “ముందు నా పేరు సెప్పమను. మా అమ్మెట్టిన పేరు. అప్పుడే నాను సెప్తాను.”

“బేగి కానియ్యరా, పొద్దు పోతన్నాది,” అని అత్త కసిరింది.

బావ మొహం చిన్నబోయింది. నా పేరు చెప్పాడు. నేనూ అతని పేరు గొణిగి గడప దాటాను.

ఆ తర్వాత చేపలు ఎండబెట్టే ఇసకలో ఆడవాళ్ళు నన్ను వదల్లేదు. “ఆపిలమ్మా, కాస్త ఇటు జరుగే!” అనేవారు. ఒకసారి ఇంట్లో, తలుపు వేసుకున్నాక, ఆయన మళ్ళీ ఆ మాట అనబోయాడు. “అత్త ఇంటాది,” అని చేత్తో నోరు మూసేశాను. ఇంక అనలేదు. అందరు మగవాళ్ళలాగే ‘ఒసే’ అన్నాడు. కాకపోతే పిలిచేముందు రవ్వంత ఆగేవాడు. ఆ ఆగడం నాకు మాత్రమే వినబడేది.

రెండేళ్ళకి దొరసాని పోయింది. గొయ్యి తవ్వినవాళ్ళలో ఆయనొకడు. ఇంటికొచ్చి ఆ మట్టి చేతులతోనే అరుగు మీద కూలబడ్డాడు.

“ఆ మాటన్నోడూ పోనాడు, అనిపించుకున్నావిడా పోనాది. ఇంక అది ఎవులికీ అక్కర్నేదు,” అన్నాడు. నాతోనే అన్నాడు, నా వైపు చూడకుండా.

నాకు కావాలి బావా, అనాలి. నోటి దాకా వచ్చింది. అత్త పక్కనే కూర్చుని మెత్తళ్ళ చేపలు ఏరుతోంది. ఆవిడ చెయ్యి ఆగింది. నా చెవులు కాలిపోయాయి.

“కాళ్ళు కడుక్కో, బువ్వెడతాను,” అన్నాను.