పై నుంచి అయిదో మెట్టు

ఉప్పల్‌లో మేముండే వీధిలో ఎవరో ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే నీళ్లు కొట్టిన పచ్చి సిమెంటు వాసన మా బాల్కనీలోకి వస్తుంది. కొందరికి అది కొత్త ఇంటి వాసన. నాకు మాత్రం ఆ వాసన తగలగానే అరికాళ్లు చల్లబడతాయి.

నాకు ఎనిమిదేళ్లప్పుడు నాచారంలోని మా ఇంటి మీద నాన్న ఒక గది వేయించాడు. ఆయన ధ్యాసంతా గది మీదే, మెట్ల మీద కాదు. ప్రహరీగోడకూ స్నానాల గదికీ మధ్య మిగిలిన సందులో ఎలాగో ఒకలా ఎక్కించమన్నాడు. మొదలుపెట్టిన మేస్త్రి సగంలో మానేసి వెళ్లిపోతే, వానలు తగ్గాక ఇంకొకాయన వచ్చి పూర్తి చేశాడు. ఇద్దరి కొలతలూ కలవని చోట, పై నుంచి అయిదో మెట్టు, మిగతా వాటికన్నా నాలుగు వేళ్లు ఎక్కువ ఎత్తు వచ్చింది. ఏ మెట్టు మీదా పాదం పూర్తిగా ఆనేది కాదు. ఒక పక్క గోడ, రెండో పక్క పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఎండాకాలం వడియాల పళ్లెంతో, వానాకాలం తడిబట్టల బకెట్‌తో అమ్మ ఆ మెట్లు దిగుతుంటే, నేను కింద నిలబడి గౌను అంచు నములుతూ, ఆమె కాలు నేల మీద పడిన చప్పుడు వినిపించేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. నాయనమ్మ అయితే కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగేది. వీధి పిల్లలంతా ఆ మెట్ల మీద పందెం వేసుకుని దూకుతుంటే నేను చెవులు మూసుకునేదాన్ని.

సద్దుల బతుకమ్మకు నాన్న వాళ్ల అక్క, సత్తెమ్మత్త, నాగోల్ నుంచి ఏటా వచ్చేది. చప్పట్లు కొడుతూ ఆమె వంగి తిరుగుతుంటే వీధి ఆడవాళ్లంతా ఆమె అడుగులో అడుగు వేసేవాళ్లు. ఆ ఏడు గాలి బాగుంటుందని డాబా మీదే పెద్ద పళ్లెంలో తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి వరసలుగా పేర్చి బతుకమ్మను చేశారు. కింద వంటింట్లోంచి సత్తుపిండి, నువ్వుల వాసన పైదాకా వస్తోంది. సాయంత్రం బతుకమ్మను దించాలి. ఆ పళ్లెం రెండు చేతులా పట్టుకుంటే అత్తకు తన కాళ్లు కనబడవు.

"నువ్వు ముందు దిగు బిడ్డా," అంది అమ్మ. "అయిదోది రాంగనే అత్తకు జెప్పు."

నాలుగు దిగాను. అయిదోదాన్ని చూడగానే నోరు ఎండిపోయింది. ఎలాగో దిగి గోడకు అతుక్కున్నాను.

"వచ్చిందా బిడ్డా?" అని పువ్వుల వెనక నుంచి అత్త అడిగింది.

చెప్పాలని తెలుసు. నాలుక కదల్లేదు. నేను పలకకపోయేసరికి ఇంకా రాలేదనుకుని అత్త మామూలుగానే కాలు వేసింది. ఆ కాలికి మెట్టు అందలేదు. నా పక్కనుంచే ఆమె కిందికి పోయింది. పళ్లెం సిమెంటు మీద మోగిన మోత, ఆ వెంటనే అత్త అరుపు. పసుపు పువ్వుల మధ్య ఆమె కాలు ఒక పక్కకు తిరిగిపోయి ఉంది.

దవాఖానాలో తొడ ఎముక విరిగిందన్నారు. డ్యూటీ నుంచి అక్కడికే పరుగెత్తుకొచ్చిన నాన్న నా రెక్క పట్టుకున్నాడు.

"ముందు దిగింది నువ్వే గదా? ఎందుకు జెప్పలే?"

మంచం మీంచి అత్త అంది: "పిల్ల జెప్పింది తమ్మీ, నేనే ఇనలే. గసుంటి మెట్టు గట్టిచ్చి పిల్లనంటవేంది?"

నాన్న నా రెక్క వదిలేశాడు. ఆ వారంలోనే సుత్తె తీసుకుని ఆ మెట్లను తనే పగలగొట్టాడు.

ఈసారి వచ్చిన ముసలి మేస్త్రి టేపు తీయలేదు. ఇటుకలు పేర్చి నాయనమ్మను ఎక్కమన్నాడు.

"అవ్వా, మోకాలు గుంజుతుందా?"

"జర ఎత్తయింది కొడుకా."

తీసి, పెట్టి, మళ్లీ తీసి, ఆమె ముఖం ముడుచుకోకుండా ఎక్కిన ఎత్తు దగ్గర ఆగాడు. అప్పుడు కొలిస్తే ఆరున్నర అంగుళాలు. పాదం మొత్తం ఆనేలా పదకొండు అంగుళాల వెడల్పు పెట్టాడు. "అన్ని మెట్లు ఒక్క తీర్గ ఉండాలె సారూ. కాలు ఒక్కసారి నేర్సుకున్నంక మల్ల సూస్కోదు," అన్నాడు. అవి సందులో పట్టవని నాన్న వాటికోసం ముందు గదిలో సగం వదిలేశాడు. మధ్యలో నిలబడటానికి చోటు, పట్టుకోవడానికి ఇనుప కమ్మీ వచ్చాయి. అయినా చాలాకాలం నేను రెండు చేతులతో పట్టుకునే దిగాను.

మరుసటేడు బతుకమ్మకు అత్త చేతికర్రతో వచ్చింది. ఆడవాళ్లు తిరుగుతుంటే కుర్చీలో కూర్చుని పాట చెప్పింది. ఆమె నావైపు చూసినప్పుడల్లా నేను తల దించుకున్నాను.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇంటి స్థలంలో ఇప్పుడు లిఫ్టు ఉన్న అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది; మేస్త్రి కట్టిన మెట్లూ పోయాయి, ఆ వీధిలో బతుకమ్మ తిరిగే జాగా కూడా కార్ల కిందికి పోయింది. నాన్న నా దగ్గరే ఉంటాడు. అత్త మాట వచ్చినప్పుడల్లా, "నేనే అక్క కాలు ఇరగ్గొట్టిన" అంటాడు. నేను లేచి ఏదో పని చూసుకుంటాను. ఆ రోజు అత్త అబద్ధం చెప్పిందని ఆయనకు ఇప్పటికీ తెలియదు.