గట్టిమేళంలో తుమ్ము

తుమ్మితే ఊడే ముక్కు ఉంటే ఎంత, పోతే ఎంత అంటారు. ముక్కు సంగతి నాకు తెలియదు గానీ, మా చెల్లెలి పెళ్లి ఒక్క తుమ్ముకి ఊడిపోబోయింది. ఆ తుమ్మును మోసుకెళ్లింది నేనే. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినవాడి గురించి వినే ఉంటారు. వాడు నాకంటే నయం. పిల్లయితే ముందే కనబడుతుంది, తరిమేయొచ్చు.

అప్పట్లో నేను రాజాంలో మా మేడమీది గదిలో కంప్యూటర్‌తో సంగీతం చేసేవాడిని. అసలు వాద్యకారుల చేత ఒక్కొక్క స్వరమూ వాయించి, రికార్డు చేసి అమ్ముతారు. వాటిని కొనుక్కుని మీటలు నొక్కుతూ పేర్చుకుంటే వయొలిన్ల గుంపు, డోళ్లు, సన్నాయిలు అన్నీ ఆ గదిలోనే పలుకుతాయి. గౌరికి పెళ్లి కుదరగానే ఇంట్లో ప్రకటించాను.

"మేళగాళ్లని పిలవొద్దు నాన్నా! గట్టిమేళం నాను సేస్తాను. హాల్లోకి ఆర్కెస్ట్రా దిగిపోయినట్టే ఉంటాది."

చేసి, ముందుగా సన్నాసి మావకి వినిపించాను. మావది మిరపకాయల కొట్టు. పొద్దస్తమానం ఆ ఘాటులో కూర్చుని తుమ్ముతుంటాడు. ఆయన తుమ్మితే బజారు చివర గేదె కట్టుతాడు తెంపుకునేది.

"బాగానే ఉన్నాది గాని అల్లుడా, మనుసులు వాయించినట్టు లేదురా. మరీ సుబ్బరంగా ఉన్నాది" అన్నాడు.

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. డోలు దెబ్బ దెబ్బకీ బలం మార్చాను. వయొలిన్లను ఒకదాని వెనక ఒకటి కాస్త తడబడేలా జరిపాను. చాలదనిపించి కుర్చీ కిర్రుమన్న చప్పుడు కలిపాను, ఒక దగ్గు కలిపాను. చివరికి కొట్టుకెళ్లి మావ తుమ్మునే ఫోన్‌లో పట్టుకొచ్చాను. మేళం ఉధృతంగా సాగి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ విరుచుకుపడే చోట ఖాళీ ఉంది. తుమ్మును అక్కడ పెట్టాను. ఇయర్‌ఫోన్లలో ఎంత సన్నగా, ఎంత సహజంగా వినబడిందో! నా ప్రతిభకు నాకే కళ్లు చెమర్చాయి.

మీరు అడగబోయేది నాకు తెలుసు. తుమ్ములూ అపశకునం మాటలూ పీటల దాకా వినబడకూడదనే కదా గట్టిమేళం వాయించేది? అందుకే కదా అందులో ఖాళీ ఉండనిది? అవును బాబూ. అందరికీ తెలిసిన ఆ ముక్క నాకు గుర్తు రాలేదు.

పెళ్లికొడుకుది శృంగవరపుకోట. గౌరికి అతనంటే ప్రాణం. ఆ ఇంట్లో మాట చెల్లేది మాత్రం వాళ్ల నాయనమ్మది. అంతకుముందు ఒక సంబంధాన్ని గుమ్మంలో ఎవరో తుమ్మారని వదిలేసిన మనిషి.

ముహూర్తం వచ్చింది. పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నారు. మీట నొక్కాను. హాలు అదిరింది. పెళ్లికొడుకు సూత్రం పట్టుకుని వంగాడు. మేళం ఒక్క క్షణం ఆగింది.

"హా...చ్చి!"

ఇయర్‌ఫోన్లలో చీమంత తుమ్ము ఆ స్పీకర్లలో ఏనుగంత అయింది. కంగారులో మేళం ఆపేశాను. దాంతో జనం చెవుల్లో తుమ్మొక్కటే మిగిలింది.

"ఆగరా!" నాయనమ్మ లేచింది. "సూత్రం కిందెట్టు. ఎవుడ్రా తుమ్మినాడు?"

రాజాంలో ఆ తుమ్మును గుర్తుపట్టనివాళ్లు లేరు. తలలన్నీ మావ వైపు తిరిగాయి.

"నాను కాదమ్మా! అమ్మోరి తోడు! నోట్లో కిళ్లీ ఉన్నాది, సూడండి!" అని మావ నోరంతా తెరిచాడు.

"మామ్మగారూ, మావ కాదండి. తుమ్మింది నా కంప్యూటరు" అన్నాను.

"కంప్యూటరుకి ముక్కుంటాదేటి బాబూ? మీ మావని ఎనకేసుకు రాకు."

గౌరి తలెత్తి నావైపు చూసింది. కాటుక కళ్లనిండా నీళ్లు. "ఏటి సేసినావన్నయ్యా?" అంది. దాని బతుకు నా చేతులతో పాడు చేశానని నిజంగానే ఏడుపొచ్చింది.

"ముహూర్తం దాటిపోతోందమ్మా" అన్నారు పంతులుగారు. "రెండో తుమ్ము పడితే దోషం లేదంటారు కదా?"

నాయనమ్మ ఆలోచించింది. "పడితే లేదు. గాని, ఆ ముక్కే తుమ్మాల."

"ఒరే సన్నాసీ, తుమ్మరా!" అని నాన్న కేకేశాడు.

జన్మంతా తుమ్మిన మనిషికి ఆ పూట తుమ్ము రాలేదు. లైటు వంక చూశాడు. కండువా కొస ముక్కులో దూర్చాడు. "రాదేటిరా ఇది! కొట్లో అయితే ఈపాటికి..." అంటూ చెమటలు కక్కుతున్నాడు. పంతులుగారు గడియారం వంకే చూస్తున్నారు.

అప్పుడు నా బుర్ర వెలిగింది. మేళాన్ని సరిగ్గా తుమ్ము దగ్గరికి వెనక్కి జరిపి, మీట నొక్కాను.

"హా...చ్చి!"

"పడ్డాది!" నాయనమ్మ చప్పట్లు కొట్టింది. "కట్టరా మనవడా, ఏటి సూస్తన్నావు!"

తుమ్ము వెనకే మేళం విరుచుకుపడింది. మూడు ముళ్లూ పడ్డాయి. కండువా ముక్కులో ఉండగానే మావ బిత్తరపోయి నిలబడ్డాడు. చుట్టుపక్కలవాళ్లు ఆయన వీపు తట్టి అభినందించారు.

భోజనాల దగ్గర నాయనమ్మ నన్ను పిలిపించింది. చీవాట్లు తినడానికి సిద్ధపడి వెళ్లాను.

"మేళం బాగున్నాది బాబూ" అంది. "అచ్చం మనుసులు వాయించినట్టే ఉన్నాది."

అందుచేత సభవారి ముందు, మావ కొట్లోని మిరపకాయల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా మేళంలో ఒంటి తుమ్ము ఉండదు. పెడితే జంటగానే పెడతాను.