ఫుజైరాలో వేసిన అమెరికా ఓటు

పోయినవేమిటో ముందు లెక్క వేసుకుంటాను. లెక్క వేయకుండా దేని గురించీ మాట్లాడటం నాకు చేతకాదు.

ఒక మనిషి పోయాడు. ఒక కూతురికి తండ్రి పోయాడు. దీన్ని విడిగా వేయాలి, ఎందుకంటే ఆ అమ్మాయికి ఆయన పోవడం 2008 డిసెంబరులో కాదు, అంతకు నాలుగేళ్ళ ముందే మొదలైంది. నాకు ట్యాంకు కప్పు మీద కూర్చుని మాట్లాడుకునే తోడు పోయింది. మా ఊరి ఓటర్ల జాబితాలో నా పేరు పోయింది. దేశంలో లేనివాడికి ఓటెందుకని కొట్టేశారు. ఇక మా పేట జనం తాతల కాలం నుంచి ఒకే గుర్తు మీద గుద్దిన ఓట్లున్నాయి. అవి ఎవరికి పనికొచ్చాయో నాకింతవరకు తేలలేదు కాబట్టి వాటినీ పోయినవాటిలోనే కలుపుతున్నాను.

2003లో నా భార్య వెనక ఫుజైరా వెళ్ళాను. ఆమె ఆసుపత్రిలో నర్సు. మా గోదావరి జిల్లా క్రైస్తవ కుటుంబాల్లో ఆడవాళ్ళు నర్సు ఉద్యోగానికి ముందు వెళ్ళడం, మగవాళ్ళు వాళ్ళ వీసా మీద తర్వాత చేరడం మామూలే. నాకు ఓడరేవు పక్కన, ఓడలకు నూనె నింపే టెర్మినల్‌లో పని దొరికింది. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది. ట్యాంకుల కొలత పట్టికలు, ఎండకు నూనె ఎంత ఉబ్బుతుందో చెప్పే లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను.

నూనెను అమ్మేవాళ్ళ తరఫున ఒకరు, కొనేవాళ్ళ తరఫున ఒకరు కొలుస్తారు. టెర్మినల్ తరఫున నేను. కొనేవాళ్ళు పెట్టుకున్న బయటి తనిఖీ కంపెనీ తరఫున ఆయన, పోయాడని మొదట్లో లెక్కవేసినాయన. అమెరికా దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి మనిషి, అరవై దాటినవాడు. ట్యాంకు మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగి సముద్రాన్ని చూసేవాడు. ఆయాసమని ఒప్పుకునేవాడు కాదు.

పని ఇలా ఉండేది. ట్యాంకు కప్పు మీది మూత తెరిచి, ఇత్తడి గుండు కట్టిన టేపును నూనెలోకి దించి, పైకి లాగి, తడి ఎంతవరకు అంటిందో చూసుకోవాలి. ముందు ఒకరు, తర్వాత ఒకరు. ఇద్దరూ రాసుకునేదాకా ఎవరి అంకె వాళ్ళ నోట్లోనే ఉండాలి. చేరిన కొత్తలో నేను అలవాటులేక నా అంకె పైకి చదివేశాను. ఆయన అప్పటికే టేపు దించుతున్నాడు. ఆపేసి, పైకి లాగి, గుడ్డతో తుడిచాడు.

"ఇప్పుడు నేను కొలిస్తే అది నా కొలత కాదు బ్రదర్. నీ కొలతే రెండుసార్లు అవుతుంది."

ఆ ఎండకు నూనె ఉబ్బి మట్టం మారేదాకా ఇద్దరం అక్కడే కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి కొలిచాం. మా స్నేహం అక్కడ మొదలైంది.

2004లో మా దేశంలోనూ ఎన్నికలు, వాళ్ళ దేశంలోనూ ఎన్నికలు. మావి ఎండాకాలంలో ముందొచ్చాయి. ఓటు లేక నేను ముఖం వేలాడేసుకుని ఉంటే ఆయన అడిగాడు. మా పేట సంగతి చెప్పాను. ఊరికి దూరంగా ఉండే మా ఇళ్ళు, మా చర్చి, మా ఓట్లన్నీ ఒకే గుర్తుకు పడటం. ఆ పార్టీ నాయకుడు ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, మా వీధి మొదట్లో జీపు ఆపి, దిగకుండానే చెయ్యి ఊపి వెళ్ళేవాడు. దిగమని ఎవరో పిలిస్తే, "మీరు ఇంటోళ్ళేగా, మీ దగ్గర అడిగేదేముంది!" అని నవ్వేవాడు. ఆ మాటకి మా వాళ్ళు పొంగిపోయేవారు. ఎదుటి పార్టీవాళ్ళు మా ఓట్లు ఎలాగూ పడవని అసలు వచ్చేవారు కాదు. అలా మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఆయన చాలాసేపు నవ్వాడు. "మీ వీధి మా ఊళ్ళో కూడా ఉంది," అన్నాడు.

వాళ్ళ పార్టీలకీ గుర్తులున్నాయని అప్పుడే తెలిసింది. ఒకరిది గాడిద, ఒకరిది ఏనుగు. ఆయన తండ్రి ఏనుగు మనిషి. బానిసలను విడిపించిన అధ్యక్షుడు ఆ పార్టీవాడు. తండ్రి రోజుల్లో సర్కారు కచేరీలో బల్ల వేసుకుని కూర్చుని, నల్లవాళ్ళ పేర్లు జాబితాలో ఎక్కనివ్వని తెల్ల గుమాస్తాలందరూ గాడిద పార్టీవాళ్ళు. బల్ల మీద ఒక గాజు జాడీ నిండా పిప్పరమెంట్లు పోసి ఉంచేవారట. అందులో ఎన్నున్నాయో చెబితే పేరు రాస్తామనేవారట.

"జాడీ చుట్టుకొలత, ఎత్తు తెలిస్తే దగ్గరగా చెప్పొచ్చు సర్," అన్నాను నేను.

"మా నాన్నా అదే అనుకున్నాడు. అలాంటి జాడీయే కొన్నాడు. వంటింట్లో నింపాడు, ఒంపాడు, మేమంతా కూర్చుని లెక్కపెట్టాం. అంకె బట్టీ పట్టి, కోటు వేసుకుని వెళ్ళాడు."

"సరిపోయిందా?"

"ఆ రోజు జాడీ తీసేశారు. సబ్బు బిళ్ళలో బుడగలెన్ని అని అడిగారు."

జవాబు లేని లెక్కను నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత కాలం తిరగబడిందట. ఓటు హక్కు చట్టం మీద సంతకం పెట్టిన అధ్యక్షుడు గాడిద పార్టీవాడు. దాంతో నల్లవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమంది అటు వెళ్ళిపోయారు. తండ్రి వెళ్ళలేదు. తండ్రి కోసం ఈయనా వెళ్ళలేదు. పదిలో ఒకడిగా ఉండటం ఎలా ఉంటుందని అడిగితే, "భోజనాల బల్ల దగ్గర ఇబ్బందిగా ఉంటుంది," అన్నాడు.

ఆ నవంబరులో, వాళ్ళ ఎన్నికలప్పుడు, ఆ ఇబ్బంది ఇంటిదాకా వచ్చింది. కూతురు ఫోనులో అడిగితే, ఈయన ఏనుగుకే వేశానని చెప్పేశాడు. అది ఏనుగు పార్టీ అధ్యక్షుడు మొదలుపెట్టిన యుద్ధం నడుస్తున్న కాలం. ఆ అమ్మాయి తన స్కూలు స్నేహితుణ్ణి ఆ యుద్ధంలో పోగొట్టుకుంది. "మనవాళ్ళందరి మీదా వేశావు నాన్నా ఆ ఓటు," అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత పుట్టినరోజుకు ఒక పలకరింపు తప్ప మాటల్లేవు. ఆమెకి పాప పుట్టింది. ఈయన ఫోటోలో చూశాడు, అదీ తన చెల్లెలు పంపితే.

2008 వచ్చేసరికి ఆ పాప నడిచి, మాట్లాడి, అక్షరాలు కూడా దిద్దుతోంది. గాడిద పార్టీ ఒక నల్లజాతి మనిషిని అధ్యక్ష పదవికి నిలబెట్టింది. మా క్యాంటీన్ టీవీలో ఎప్పుడు చూసినా ఆ అభ్యర్థే. తిండి దగ్గర మా వాళ్ళు అమెరికా రాజకీయం మొత్తం తేల్చేసేవారు. పంపుహౌస్‌లో పనిచేసే కరీంనగర్ ఆయన ఒకడుండేవాడు, మంచివాడు, నోరు పెద్దది.

"ముసలాయన ఓటు ఎటు పడ్తదో అడగాల్నా అన్నా? కులపోడు నిలవడ్డంక ఇంకెవనికేస్తడు?"

"వాళ్ళలో కులాలుండవయ్యా," అన్నాను.

"గట్లనే అంటరు. ఉండనిదెక్కడ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా వీధి మొదట్లో ఆగే జీపు మాత్రం గుర్తొచ్చింది.

అక్టోబరులో కూతురు తనంతట తను ఫోన్ చేసింది. ఆయన పొద్దున్నే నా దగ్గరికి వచ్చి చెప్పాడు. ముఖంలో వెలుగు ఉంది, భయమూ ఉంది.

"ఈ ఒక్కసారి మాతో ఉండు నాన్నా అంది. వేశానని ఒక్క మాట చెబితే క్రిస్మస్‌కి రమ్మంది. పాపకి తాతయ్య వస్తాడని చెబుతానంది."

వాళ్ళ దేశంలో పరాయి దేశంలో ఉన్నవాళ్ళూ పోస్టులో ఓటు వేయొచ్చు. ఆయన బ్యాలెట్ కంపెనీ పోస్టుబాక్సుకు వచ్చింది. వాళ్ళ రాష్ట్రంలో కవరు మీద ఓటరు సంతకం పెడుతుంటే చూసినవాళ్ళు సాక్షి సంతకం చేయాలి. నన్ను అడిగాడు. నూనె నమూనాలు దాచే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను బయట నిలబడ్డాను. వచ్చేసరికి కవరు అంటించి ఉంది. నా ఎదురుగా దాని మీద సంతకం పెట్టాడు. కింద నేను పెట్టాను.

"నువ్వు చూసిందేమిటి?" అన్నాడు.

"మీరు సంతకం పెట్టడం."

"లోపలిది?"

"చూడలేదు సర్."

"బాగుంది," అని కవరును కొరియర్ కుర్రాడి రాక కోసం దాచకుండా, తనే కారులో వెళ్ళి కొరియర్ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

ఫలితం వచ్చింది మా పొద్దుటి టీ వేళకు. క్యాంటీన్ కిక్కిరిసింది. నల్లజాతి మనిషి గెలిచాడని తెరమీద పడగానే సూడాన్ డ్రైవరు ఈయన్ని కౌగిలించుకుని "మబ్రూక్, మబ్రూక్" అని అరబ్బీలో అభినందిస్తూ వదల్లేదు. కరీంనగర్ ఆయన ఎక్కడ తెచ్చాడో లడ్డూలు తెచ్చాడు.

"జర చెప్పన్నా ముసలాయనకు, వాళ్ళోడు గెల్శిండు, ఇగ అమెరికా వాళ్ళదే!"

ఆయన లడ్డూ చేతిలో పట్టుకుని నిలబడి ఏడ్చాడు. దాచుకోలేదు. టీవీలో కూడా ముసలివాళ్ళు అలాగే ఏడుస్తున్నారు. "చూశినవా, మస్తు ఖుషీ!" అన్నాడు కరీంనగర్ ఆయన. సంతోషమే కావచ్చు. ఆ గుమాస్తా బల్ల ముందు కోటు వేసుకుని నిలబడ్డ మనిషి కొడుకు ఎవరికి ఓటు వేసినా ఆ రోజు ఏడ్చి ఉండేవాడని నాకనిపిస్తుంది.

ట్యాంకు మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి ఫోన్ మోగింది. నాకు ఇటు మాటలే వినిపించాయి.

"అవును తల్లీ, చూశాను... ఏడ్చాను, నువ్వూనా?... మీ తాత ఉండి ఉంటే..." చాలాసేపు వినడం. "అది మాత్రం అడగకు... అవునని కాదు, కాదనీ కాదు. నేను చెప్పను... తల్లీ... విను..."

ఫోను జేబులో పెట్టుకుని మెట్లు ఎక్కాడు. ఆ రోజు మధ్యలో రెండుసార్లు ఆగాడు.

పైన కూర్చున్నాక ఉండబట్టలేక అన్నాను. "ఒక్క మాటే కదా సర్. ఏదో ఒకటి చెప్పి క్రిస్మస్‌కి వెళ్ళొచ్చు కదా."

"మా నాన్నకు ఆఖరికి ఓటు వచ్చిన రోజు నన్ను వెంట తీసుకెళ్ళాడు," అన్నాడు. "ఓటు వేసే చోట తెర దగ్గర నన్ను ఆపేశాడు. ఈ ఊళ్ళో ఏ తెల్లవాడూ నా వెనక రాలేని చోటు ఇదొక్కటే, నువ్వూ రాకు అన్నాడు. పోయినసారి నేను నోరు జారి కూతురిని లోపలికి రానిచ్చాను. ఏమైందో చూశావుగా." టేపు చుట్టడం మొదలుపెట్టాడు. "తనకి కావలసిన అంకె తను ముందే చదివేసింది బ్రదర్. అవునంటే అది నా ఓటు కాదు, తనదే రెండుసార్లు."

క్రిస్మస్‌కి ముందు వారం ఆయనకు గుండె నొప్పి వచ్చింది. నా భార్య పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చారు. డ్యూటీలో ఆమే ఉంది. ఆయన సెలైన్ ఎక్కుతుంటే కూడా ఆమెతో పరాచికాలాడాడట, మీ ఆయన నా అంకెలన్నీ సరిచూస్తాడు, ఈ సీసాలో చుక్కలు కూడా లెక్కపెట్టమను అని. మధ్యాహ్నానికి పోయాడు. ఆయన ఫోనులో కూతురి నంబరు వెతికి కబురు చెప్పింది కూడా నా భార్యే. వీసా రద్దు, పోలీసు కాగితం, పెట్టె, విమానం, అన్నిటికీ నేను తిరిగాను. ఆయన తిరిగి వెళ్ళింది క్రిస్మస్ అయ్యాక.

జనవరి రాకముందే ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. గొంతు ఆయనదే, ఇంకా కొంచెం సన్నం. చేసినవాటికి కృతజ్ఞతలు చెప్పింది.

"సాక్షిగా మీరు సంతకం పెట్టారని నాన్న చెప్పారు."

"పెట్టానమ్మా."

"ఎవరికి వేశారు?"

"ఆయన సంతకం పెట్టడం చూశాను. లోపలిది చూడలేదు."

"మీకు తెలిసే ఉంటుంది. రోజూ కలిసి ఉన్నారు. మీకేమనిపిస్తోంది?"

ఆ రెండు క్షణాల్లో నా బుర్ర అలవాటు కొద్దీ పనిచేసింది. పదిలో తొమ్మిది. ఆ కన్నీళ్ళు. మనవరాలు. తండ్రి, తెర, నలభై ఏళ్ళ పట్టుదల. అటూ ఇటూ వేసి చూస్తే అంకె ఎటూ తేలలేదు. తేలినా అది నాది అయ్యేది, ఆయనది కాదు.

"తెలియదమ్మా," అన్నాను.

అవతల ఏడుపు వినిపించింది. పాప కాబోలు ఏదో అడుగుతోంది. తర్వాత లైను పోయింది. ఆమె మళ్ళీ చేయలేదు. నేనూ చేయలేదు.

వంటగదిలోంచి వింటూ ఉంది నా భార్య. చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నువ్వడిగినట్టే వేశాడమ్మా అనేత్తే ఏం పోయేదండీ మీకు? పోయినాయన లేచొచ్చి కాదంటాడా? ఆ పిల్ల కడుపులో ఎంత చల్లబడేదో!"

"నేను చూడలేదే."

"మీరు చూడరు, చెప్పరు. ఆయనా చెప్పలేదు. మధ్యలో ఆ పిల్ల ఏం పాపం చేసిందంట?"

ఆమె అన్నది సరైనదే కావచ్చు. నేను చేసిందీ సరైనదే కావచ్చు. ఇద్దరి కొలతలూ కలవనప్పుడు మళ్ళీ కొలవాలి, కానీ మూత ఎప్పటికీ మూసుకుపోయింది.

ఆ దేశం తన ఓట్లన్నీ లెక్కపెట్టుకుని, గెలిచినవాణ్ణి కూర్చోబెట్టి, ముందుకు వెళ్ళిపోయింది. ఆయన ఓటు కూడా ఏదో ఒక మొత్తంలో కలిసి ఉంటుంది. నా వరకు అది ఇంకా విడిగానే ఉంది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఒకటి. నేను ఇవ్వని జవాబు ఒకటి. ఇవాళ్టికీ నా బాకీ అంతే, ఒకటి.