రాజిరెడ్డి సార్ కారు బోల్ట్, మా సాంబన్న

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. సాంబన్న పోయాడని.

"ఏ సాంబన్న?" అని అడిగాను.

మా కాలనీలో ఉన్నది ఒక్కడే సాంబన్న. అయినా అడిగాను.

నిద్రలోనే గుండె ఆగిందట. షట్టర్ సగంలోనే వదిలేసి వెళ్లాను.

నేను పోస్టులు పెట్టేవాణ్ణి కాదు. మాట్లాడేది కూడా తక్కువే. కానీ ఇది ఇవాళ రాయకపోతే ఇంకెప్పటికీ రాయలేను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సాంబయ్య బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యాడు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. ఆదివారం వచ్చిందంటే కాలనీ బండ్లన్నీ ఆయన గేటు ముందే. రిపేరుకు ఒక ఛాయ్ ఇస్తే చాలు.

నేను వీడియోలు చూసి సొంతంగా పని నేర్చుకున్నవాణ్ణి. నా స్కూటీ, నా పాత కారు నేనే చూసుకుంటాను. వీడియోల్లో దొరకనివన్నీ సాంబన్న చెప్పాడు. బండి స్టార్ట్ కాకపోతే ఫోన్‌లోనే శబ్దం వినిపించమనేవాడు. "ఫికర్ చెయ్యకు తమ్మీ, వైర్ వదులైంది" అనేవాడు. చూస్తే అదే అయ్యేది.

పోయిన ఏడాది ఒక కార్డ్‌లెస్ మిషన్ కొనాలనుకున్నాను. నట్లు విప్పడానికి, బిగించడానికి బ్యాటరీ మీద తిరిగేది. హనుమకొండలో టూల్స్ షాపుకు సాంబన్నను వెంట తీసుకెళ్లాను.

నా కన్ను పెద్దదాని మీద పడింది. బాక్స్ మీద పవర్ నంబర్ ఎక్కువ ఉంది మరి.

"గింత పెద్దదెందుకు తమ్మీ? లారీలు విప్పుతవా ఏంది?"

షాపాయన నవ్వాడు. "పెద్దాయనా, నా బేరం చెడగొడ్తానవ్."

సాంబన్న ఒక చిన్న మిషన్ తీసి నా చేతిలో పెట్టాడు. "నీ చెయ్యి పోయే జాగల మిషన్ పోవాలె. గది చూసుకొని కొను. ఇంకోటి, ఏ బోల్టైనా ముందుగాల చేత్తోని మూడు చుట్లు తిప్పాలె. మర ఎక్కిందో లేదో చేతికి తెలుస్తది. గీ పెద్దదానికి ఏం తెలుస్తది, గుంజుడు తప్ప."

నేను వినలేదు. పెద్దదే కొన్నాను.

ఆయన కోప్పడలేదు. "కొన్నవ్ గద. చక్రం నట్లకే వాడు. చాంబర్ బోల్ట్ కాడికి తేకు" అన్నాడు. చాంబర్ అంటే ఇంజిన్ కింద ఆయిల్ ఉండే భాగం. అల్యూమినియం కాబట్టి మెత్తగా ఉంటుంది.

నెల తిరగలేదు.

ఒక ఆదివారం రాజిరెడ్డి సార్ కారుకు ఆయిల్ మారుస్తున్నాము. సార్ కూడా మా కాలనీయే, హసన్‌పర్తిలో టీచర్‌గా చేసి రిటైర్ అయ్యారు. పాత ఆయిల్ దిగిపోయింది. చాంబర్ బోల్ట్ తిరిగి పెట్టమని నాకు చెప్పి, సాంబన్న కొత్త ఆయిల్ డబ్బా కోసం లోపలికి వెళ్లాడు.

నేను కారు కింద పడుకొని ఉన్నాను. మిషన్ పక్కనే ఉంది. రెండు సెకన్ల పని కదా అనుకున్నాను. చేత్తో తిప్పకుండా నేరుగా మిషన్ పెట్టాను. బోల్ట్ కొంచెం వంకరగా ఎక్కుతున్నట్టు అనిపించింది. అయినా ఆపలేదు.

సాంబన్న వచ్చి అడిగాడు. "చేత్తోని పట్టించినవా?"

"ఆఁ అన్నా."

మూడో రోజు సార్, మేడమ్ పాలకుర్తి గుడికి వెళ్తుంటే ఆయిల్ మొత్తం రోడ్డు మీద కారిపోయింది. ఇంజిన్ సీజ్ అయింది. ఇద్దరూ రెండు గంటలు ఎండలో నిలబడ్డారట.

సాయంత్రం సార్ గ్యారేజీ వాళ్లు విప్పి ఇచ్చిన బోల్ట్ పట్టుకొని సాంబన్న గేటు ముందుకు వచ్చారు. కాలనీ వాళ్లు పదిమంది ఉన్నారు. నేనూ ఉన్నాను.

"సాంబయ్యా, నీ చేతులల్ల పట్టు పోయింది. ఇగ ఎవ్వల బండ్లు ముట్టకు" అన్నారు.

సాంబన్న బోల్ట్ తీసుకొని మర గాడుల మీద బొటనవేలు పెట్టి రాసి చూశాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. అది మిషన్ పని అని ఆయనకు తెలిసిపోయింది. తెలిసిపోయిందని నాకూ అర్థమైంది.

"వయసైంది సార్. తప్పైంది" అన్నాడు.

నేను వెనక్కి జరిగి ఆ పదిమందిలో కలిసిపోయాను.

తరువాతి ఆదివారం ఆయన గేటు ముందు ఒక్క బండి లేదు. ఆ పై ఆదివారం కూడా లేదు. టూల్స్ పెట్టె పక్కన పెట్టుకొని, కుర్చీలో మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు. కొన్నాళ్లకు పెట్టె బయటికి తేవడం మానేశాడు.

ఒకరోజు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఏమన్న చెప్పేదున్నదా తమ్మీ?"

నేను ఒప్పుకునే వీలు ఇవ్వడానికే అడిగాడు.

"ఏం లేదన్నా. మిషన్ బ్యాటరీ జర జల్ది దిగుతాంది" అన్నాను.

 ఆయన నిజంగానే బ్యాటరీ గురించి చెప్పాడు. ఎండలో పెట్టొద్దని, పూర్తిగా దిగేదాకా వాడొద్దని. ఈసారి ఒక పెద్ద బ్యాటరీ బదులు రెండు చిన్నవి తీసుకుంటే ఒకటి ఛార్జింగ్‌లో, ఒకటి పనిలో ఉంటాయని. పావుగంట చెప్పాడు. నేను శ్రద్ధగా వింటున్నట్టు తల ఊపాను.

నిన్న శ్మశానంలో రాజిరెడ్డి సార్ నా పక్కనే నిలబడ్డారు. "మంచోడు పాపం. ఆఖరుకు చెయ్యి వణికింది, గంతే" అన్నారు.

అక్కడ కూడా తల ఊపాను.



సార్, మీ కారు బోల్ట్ పాడు చేసింది నేను. సాంబన్న చెయ్యి వణకలేదు. ఇది చదివే కాలనీ వాళ్లందరికీ అదే చెబుతున్నాను. ఆయన పనిలో ఏనాడూ తప్పు లేదు.

ఆయన భార్య లక్ష్మి వదిన ఫోన్‌లో ఇవన్నీ చూడదు. ఇది పోస్ట్ చేసి ఆమె దగ్గరికే వెళ్తున్నాను. ఎదురుగా నిలబడి చెబుతాను. ఏమన్నా పడతాను.

అన్నా, నా తప్పును ఎనిమిది నెలలు నువ్వు మోసినవ్.

ఇగ దించేయ్. నిమ్మళంగా పండుకో.