ఒగ్గీ, ఛాడో

నిన్న మధ్యాహ్నం నా పికప్ బండి తోలుకుంటూ ఖిదిర్‌పూర్ వంతెన ఎక్కుతుంటే ముందున్న లారీ ఆగిపోయి, దాన్నుంచి కాలిన క్లచ్చి వాసన గుప్పున కొట్టింది.  ఎడమకాలు దానంతటదే చెప్పు విడిచేసింది. పక్కన కూర్చున్న గోదాము గుమస్తా నా మొహం చూసి “కీ హోలో దీదీ?” అని బెంగాలీలో ఏమైందని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోవడమేమిటి, సింహాచలం మావ ఉన్నాడు.

మావంటే చుట్టం కాదు. మా నాన్నలాగే సిక్కోలు వైపు నుంచి వచ్చి గార్డెన్ రీచ్‌లో మా సందులోనే కాపురం పెట్టినవాడు. పోర్టులో ఏళ్ల తరబడి ట్రైలరు తోలి, రిటైరయ్యాక చిన్న గ్యారేజీ పెట్టుకున్నాడు. నేను పికప్ బండి తోలతానంటే సందంతా నవ్వింది. మావ ఒక్కడే నవ్వకుండా బండి కింద దూరి కమాను కట్టలు చూశాడు. నేను మొదటినుంచీ పిరికిదాన్ని. ఒకసారి నిండు లోడుతో ఇదే వంతెన మీద ఆగి, మళ్లీ కదిలించబోతే బండి వెనక్కి జారింది. వెనక రిక్షాలో ఒక తల్లీ బిడ్డా ఉన్నారు. జానెడు దూరంలో ఆగింది గానీ, ఆ తల్లి కేక నా చెవిలో ఉండిపోయింది. ఆ తర్వాత బండి కదిలించాల్సి వచ్చినప్పుడల్లా ఇంజను ఆపేసి దిగిపోయేదాన్ని. తాళాలు తెచ్చి మావ చేతిలో పెట్టేశాను.

“నీ బయం స్టార్టింగ్‌లో ఉన్నాది. స్టార్టింగ్‌లోనే పోవాల,” అన్నాడు మావ. ఊరికి దూరంగా, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటుంది. అక్కడ కుర్రకారు బళ్ల పందేలు పెట్టేవాళ్లు. రోడ్డు మీద తిరిగే పికప్‌లకీ విడిగా ఒక పందెం ఉండేది. నన్ను అక్కడికి తీసుకెళతానన్నాడు. “ఓలమ్మో, నాకు పందేలేటి మావా!” అన్నాను. “పందెం నీకెందుకే గుంటా? గీత కాడి నుంచి కదలడం నేర్చుకో, సాలు.”

ఖాళీ పికప్‌కి వెనక బరువుండదు. గట్టిగా తొక్కితే చక్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, ఇరుసు ఎగిరెగిరి పడుతుంది. మావ వెనక చక్రాలకి కాస్త గాలి తీశాడు. ఇరుసుకి సరిగ్గా పైన ఇసుక బస్తాలు సర్ది తాళ్లు కట్టాడు. నా ఎడమకాలి చెప్పు విప్పించాడు. “క్లచ్చి యాడ పడతాదో చెవులకి తెలీదు, కాలివేళ్లకి తెలస్తాది. ఆడ దాకా బేగి రా, ఆడ ఒక్క చణం ఆగు, తరవాత ఒగ్గీ.” ఆయన మాత్రం వెనక చక్రం పక్కనే నిలబడేవాడు, అది నేలని ఎలా పట్టుకుంటుందో చూడాలని. నాకు అసలు భయం అక్కడే. పక్కకి రా మావా అని ఎంత మొత్తుకున్నా “నాను పోర్టోడినే, నీ బండి నన్నేటి సేస్తాది!” అని నవ్వేవాడు.

అభ్యాసానికి వెళ్లిన మూడో ఉదయం అది జరిగింది. గేరు వేసి, క్లచ్చి నొక్కి, ఇంజను గోల పెంచి, ఎదురుగా పందెం మొదలెట్టే దీపం వైపే చూస్తున్నాను. వెనకనుంచి మావ కేక వినబడింది. “ఒగ్గీ! ఒగ్గీయే!” ఒగ్గేశాను. బండి ఎగిరి దూకింది. సరుకు పెట్టే డాలా వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. దిగి చూస్తే మావ నేల మీద ఉన్నాడు, తాళ్లు తెంపుకున్న ఇసుక బస్తా ఆయన కాలి మీద ఉంది.

మా ఇళ్లలో ఒగ్గీ అంటే వదిలెయ్ అని. పట్టుకున్నది వదలమన్నా అదే మాట, మొదలెట్టిన పని మానమన్నా అదే మాట. డాలా కొక్కెం ఊడి ఉండడం చూసి, దాన్ని చేత్తో నొక్కిపట్టి, మానెయ్యమని అరిచాడాయన. క్లచ్చి వదలమన్నాడనుకున్నాను నేను. ఒక్కసారి అద్దంలో చూసుంటే తెలిసేది. ఆయన్ని అక్కడ చూస్తే భయమేస్తుందని చూడలేదు. నా తప్పంతా అక్కడుంది.

కాలికి పిండికట్టు వేశారు. వారం రోజులు ఆయన ఎదుటికి వెళ్లలేకపోయాను. చివరికి ఆయనే కబురు పెట్టాడు. గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే కసిరాడు. “ఏటే ఆ ఏడుపు? ఒగ్గీమన్నాను, ఒగ్గీసినావు. మాటే దొంగది. ఈ పాలినించి ఆగాలంటే ఒగ్గీ, కదలాలంటే ఛాడో. బెంగాలీలోనూ వదలమనే గదా, కానీ కలిసిపోదు.” మళ్లీ తోలనని ఒట్టేశాను. “అయితే నా కాలు ఊరికే ఇరిగినట్టేనా?” అన్నాడు. 

కట్టు విప్పాక పందెం రోజునే మళ్లీ వెళ్లాం. ఈసారి ఆయన దూరంగా, జనాన్ని ఆపే తాడుకి అవతల కుర్చీలో కూర్చున్నాడు. డాలా కొక్కేనికి నేనే తీగ చుట్టాను. రెండు అద్దాలూ చూశాను.  “ఛాడో!” మావ కేక వినబడింది. వేళ్లకింద క్లచ్చి పట్టింది, ఒక్క క్షణం ఆగాను, వదిలాను. చక్రం జారలేదు, ఇరుసు ఎగరలేదు, బండి నేలని తోసుకుంటూ కదిలిపోయింది. సగం దూరంలో పక్క బండి నన్ను దాటేసిందనుకోండి. “పోతే పోనీ, స్టార్టింగ్ మనదే,” అన్నాడు మావ.

పోయినేడు ఆయనకి ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆసుపత్రిలో ఒక సాయంత్రం చూడవచ్చేవాళ్ల సమయం అయిపోయిందని గంట కొట్టారు. నేను ఆయన చెయ్యి వదల్లేదు. వదిలితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన మాస్కు పక్కకి జరిపి నావైపు చూశాడు. ఆగమని ఒగ్గీ అంటాడనుకున్నాను, అంటే అక్కడే ఉండిపోదామనుకున్నాను. “ఛాడో,” అన్నాడు. వదిలాను. తెల్లారేసరికి లేడు.

నిన్న వంతెన మీద ముందు లారీ కదిలింది. బండి నిండా లోడు, వెనక ఏటవాలు. భయం పోయిందని చెబితే అబద్ధం, అది ఇంకా నాతోనే తిరుగుతోంది. ముందు అద్దం చూశాను. వెనక చక్రం దగ్గర ఎవరూ లేరు. ఆ ఖాళీ చూడటమే నాకింకా అలవాటు కాలేదు. చెప్పు లేని కాలితో క్లచ్చి పట్టేచోటు వెతుక్కుని, నాకు నేనే ఛాడో అని చెప్పుకుని వదిలాను.